అత్త కుడిచెయ్యి

మా అత్త మొన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. కబురు విని కంగ్టి, మనూరు నుంచి చుట్టాలు బండ్లు కట్టుకొని వచ్చారు. అందరూ ఆమె మాటకారితనాన్ని తలుచుకున్నారు. నాకు మాత్రం ఆమె కుడిచెయ్యే గుర్తొస్తోంది.

కొన్నేళ్ల కింద జొన్నరొట్టె కొడుతుండగా ఆ చెయ్యి పిండిమీదే ఆగిపోయింది. మూతి వంకరపోయింది. బండిలో నారాయణఖేడ్ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఉర్దూలో చెప్పినదాన్ని మామ మాకు తెలుగులో చెప్పాడు. చేతికి ఏ రోగమూ లేదట. దాన్ని కదిలించే హుకుం తలలో పుడుతుందట, కుడిచేతికైతే మెదడు ఎడమవైపు నుంచి. అక్కడ నెత్తురు ఆగి ఆ చోటు దెబ్బతిన్నదట.

ఇరుగుపొరుగు వాళ్లు పక్షవాతానికి మందని చేతికి పావురం నెత్తురు రాయించారు. కొన్నాళ్లు చూసి అత్త నవ్వింది. "పావురం పానం పాయె, నా చెయ్యి రాకపాయె."

ఎడమచేత్తో తిననంటే నేనే తినిపించేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆమె ఆవులిస్తుంటే ఆ చెయ్యి దానంతటదే లేచింది. పరుగెత్తి మామను పిలిచాను. మళ్లీ లేపమంటే వేలు కూడా కదలలేదు. అత్త మొదటిసారి ఏడ్చింది ఆ రోజే. మామ వెళ్లి డాక్టరును అడిగి వచ్చాడు. ఆవులింతకు హుకుం వేరే చోటి నుంచి వస్తుందట, మనం కావాలని చేసే పనికి ఇంకో చోటి నుంచట. చేయబోయేది ముందు మనసులో చూసుకొని ప్రయత్నిస్తే, మిగిలిన మెదడు నేర్చుకున్నా నేర్చుకోవచ్చట.

అత్త ఎడమచేత్తో కుడిచెయ్యిని ఒళ్లోకి తీసుకుంది. "చెప్పేటిది నేనే, వినేటిది నా చెయ్యే. నడుమల తొవ్వ తెగింది. ఇంకో తొవ్వ ఏసుకోవాలె బిడ్డా," అంది.

అప్పటినుంచి నేను రొట్టె కొడుతుంటే పక్కనే కూర్చొని, ఒళ్లో పిండిముద్ద పెట్టుకొని కళ్లు మూసుకునేది. ఏం చేస్తున్నావత్తా అంటే, లోపల కొడుతున్న అనేది. చలికాలానికి బొటనవేలు ముద్దలోకి దిగింది. మరుసటేడు కందులు ఇల్లు చేరే వేళకు ఒక రొట్టె కొట్టింది. ఒకపక్క మందం, ఒకపక్క చిరుగు. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తన కుడిచేత్తోనే తుంచుకొని తిన్నది.

"మాడింది గని, మంచిగుంది."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పోయే ముందురోజు సాయంత్రం గడపలో కూర్చొని నా బిడ్డకు జడ వేసింది. పాయ పాయకూ ఆగి, తలలో అనుకొని, వేళ్లు కదిలించింది. ఇప్పుడు తలస్నానానికి జడ విప్పుదామంటే బిడ్డ దగ్గరికి రావడం లేదు. ఆ వదులు జడను రెండు చేతులా పట్టుకొని గోడవారన నిలబడింది.