బతికున్నవాడి వీరగల్లు

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో మిలిటరీ బట్టలు వేసుకున్న ప్రతివాడూ వీరుడే. పటాలంలో వాడు తుపాకి పేల్చాడా, కూర్చుని లెక్కలు రాశాడా, కంచరగాడిదలకు గడ్డి వేశాడా అని అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నా విషయానికొస్తే నేను రొట్టెలు కాల్చేవాణ్ణి. పటాలం వంటశాలలో కొన్నేళ్లపాటు పిండి పిసికి, పప్పు ఉడకబెట్టి, ఉల్లిగడ్డలు తరిగి దేశసేవ చేశాను (ఉల్లిగడ్డల ముందు ఏడ్చినంతగా యుద్ధంలో కూడా ఏడవలేదు). చైనా యుద్ధం వచ్చినప్పుడు మా వంటశాలను మంచుకొండల్లోకి తరలించారు. అక్కడ నేను చేసిన పోరాటమంతా తడి కట్టెలతోనే. శత్రువు ముఖం ఎట్లా ఉంటుందో చూడకముందే యుద్ధం అయిపోయింది. ఈ సంగతి దాచాలని నాకు ఏనాడూ లేదు. చెప్పనిచ్చినవాళ్లే లేరు.

యుద్ధం తర్వాత సెలవు మీద ఇంటికొచ్చాను. జమ్మలమడుగులో బస్సు దిగేసరికి మా ఊరి ప్రెసిడెంటు మామ పూలదండతో, తప్పెట్లతో నిలబడి ఉన్నాడు. ఆయన నాకు వరసకు మామ, పంచాయతీకి కొత్త ప్రెసిడెంటు. ఏ పనైనా అంతకుముందు ఎవరూ చేయని పద్ధతిలో చేయాలని ఆయనకు మహా పట్టుదల. ఊరు చేరగానే నన్ను అరుగెక్కించారు. "ఎంతమందిని కాలిస్తివప్పా?" అని ఎవరో కేకేశారు. "రొట్టెలే కాల్చినానప్పా" అన్నాను. జనం విరగబడి నవ్వారు. "సూడండ్రా, శత్రువుల్ని రొట్టెలంటాండాడు మనోడు!" అన్నాడు మామ. నేను మామ చెయ్యి పట్టుకుని, "మామా, నేను వంటోన్ని. నిజంగా తుపాకి పట్టినోడు కొండాపురం పక్కనుంచి వచ్చినోడు ఒకడుండె. నా చేతి రొట్టె తిని ముందుకు పోయినాడు, మళ్లా రాలే" అని చెప్పబోయాను. మామ కళ్లు తుడుచుకుని, "సూసినారా, ఎంత అణకువో!" అంటూ తప్పెట్లవాళ్లకు సైగ చేశాడు. ఇక నా మాట నాకే వినిపించలేదు.

అంతటితో పోయి ఉంటే బాగుండేది. మా సీమలో వీరగల్లు అని ఒకటుంది. ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చినవాడికో, పొలిమేర తగాదాలో ప్రాణం వదిలినవాడికో ఊరి బయట రాయి నాటి, ఏడాదికోసారి టెంకాయ కొడతారు. రాయి మీద గుర్రం, గుర్రం మీద మీసాల మనిషి, చేతిలో కత్తి, పైన సూర్యుడు, చంద్రుడు. అది చచ్చినవాళ్లకే గాని బతికున్నవాళ్లకు కాదని పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ప్రెసిడెంటు మామకూ తెలుసు. తెలిసే చేశాడు. "సచ్చినాక రాయి నాటితే ఆ సచ్చినోనికి ఏం తెలుస్తాదప్పా? బతికుండంగనే నాటితే కండ్లారా సూసుకుంటాడు. కాలం మారిపాయ" అని రాళ్లు కొట్టేవాడికి ముందే పురమాయించి పెట్టాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మరునాడు పొద్దున్నే నన్ను ఊరి బయటికి పిలుచుకుపోయి, పైన కప్పిన గుడ్డ తీసి చూపించాడు. గుర్రమెక్కి కత్తి ఎత్తి ఉన్నాను. నాకు మీసం సరిగ్గా మొలవలేదు, గుర్రాన్ని చూస్తే దడ. అయినా చెప్పొద్దూ, ఒక్క క్షణం ఛాతీ పొంగింది.

మా అమ్మ వచ్చి చూసింది. చూసి అక్కడే కూలబడిపోయింది. "బతికున్న బిడ్డకు రాయి నాటినారు గదరా, మీ చేతులిరగ!" అని ఆమె ఎత్తుకున్న శోకానికి ఊరు ఊరంతా కదిలొచ్చింది. దానికి తగ్గట్టే, అప్పటికే కొందరు రాయి ముందర నా పేరు చెప్పి టెంకాయ కొట్టేశారు. నాలుగు రోజుల్లో సంగతి పులివెందులకు చేరింది. అక్కడ మా మేనమామ ఉన్నాడు. ఆయన కూతుర్ని నాకే ఇవ్వాలని ఎప్పటినుంచో అనుకున్నమాట. నేను సెలవు పెట్టి వచ్చింది ఆ పెళ్లి కోసమే. మంచుకొండల్లో చేతులు కొంకర్లు పోతున్నప్పుడు కూడా నేను తలుచుకున్నది ఆమెనే. మేనమామ మాత్రం ఒక్కటే మాట కబురు చేశాడు. "రాయి పడినోనికి పిల్లనెట్ల ఇచ్చేది?" అమ్మ పోయి కాళ్లావేళ్లా పడితే చివరికి మెత్తబడ్డాడు. రాయి పెరికి, ఆయన కళ్లముందర ఏట్లో పారేసి, శాంతి చేయిస్తే పెళ్లికి ఒప్పుకుంటానన్నాడు.

ఆ రోజు మేనమామ ఎద్దులబండి కట్టుకుని వచ్చాడు. బండిలో ఆయన కూతురు కూడా ఉంది. గడ్డపారలు సిద్ధంగా ఉన్నాయి. ప్రెసిడెంటు మామ మొహం వేలాడేసుకుని దూరంగా నిలబడ్డాడు. ఇంతలో దోవ వెంబడి ఒక ముసలామె వచ్చింది. చంకలో చెంబు, కొంగులో పసుపు, ఒక టెంకాయ. "మిలిటరీలో సచ్చిపోయినోనికి రాయి నాటినారంట, యాడుండాది నాయనా?" అని అడిగింది. ఊరు, కొడుకు పేరు చెప్పింది. కొండాపురం వాడి తల్లి. కొడుకు పోయాడన్న కబురే తప్ప ఆమె ఇంటికి మనిషి రాలేదు. మిలిటరీవాడికి రాయి నాటారని విన్నది. రాయంటే చచ్చినవాడికే కాబట్టి, అది తన కొడుకుదే అనుకున్నది. అందులో ఆమె తప్పేముంది? గడ్డపారలు పట్టుకున్నవాళ్లు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. ఆమె రాయికి నీళ్లు పోసి, పసుపు పూసి, ముఖాన్ని చేత్తో తడిమింది. "మీసాలు అచ్చం వానియే" అంది (మా రాళ్లు కొట్టేవాడికి వచ్చినవి ఆ ఒక్క రకం మీసాలే). నేను ఆమె కొడుకుతో పటాలంలో ఉన్నవాణ్ణని ఎవరో చెబితే నా దగ్గరికొచ్చి, "వానికి కడుపుకు సరిగ్గా పెడతాండిరా నాయనా?" అని అడిగింది.

"పెడతాంటిమి అవ్వా. నేనే పెడతాంటి" అన్నాను. పటాలంలో నేను చేసిన పనిని గురించి నన్ను సరిగ్గా అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

మేనమామ నా చెవి దగ్గర, "ఆయమ్మను పోనీ, తర్వాత పెరుకుదాం" అన్నాడు. నావల్ల కాలేదు. "రాయి మీద పేరు లేదు గదా మామా. ఆయమ్మ కొడుకు పేరు చెక్కిద్దాం, ఇంగ అది నాది కాదు" అన్నాను. "ఊరంతా నీ పేరు చెప్పి టెంకాయ కొట్టినాక పేరు మారిస్తే సరిపోతాదా? పెరుకుతావా, లేదా?" నేను తల వంచుకుని నిలబడ్డాను. మేనమామ బండి మళ్లించాడు. నేను తలెత్తి చూసేసరికి దుమ్ము మాత్రమే కనబడింది. మేనమామ కూతురికి ఆ ఎండాకాలమే వేరే పెళ్లి చేశారు.

చాలా ఏళ్లకు, పటాలం వదిలి వచ్చాక, ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో ఆమె కనబడింది. (అప్పటికి నాకూ పెళ్లయింది, పిల్లలున్నారు. నేను రాసేవి మా ఆవిడ చదవదు కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.) "బాగుండావా బావా? ఆ రాయి ఉండాదా?" అని అడిగింది. ఉందన్నాను. కొండాపురం అవ్వ ఉన్నన్నాళ్లూ ఏటా వచ్చి టెంకాయ కొట్టిపోయేదని చెప్పాను. ఆమె చేతిలోని చీర మడత విప్పింది.

"మంచిపనే చేసినావు. నేను గూడా బండిలోనుంచి అంతా సూస్తానే ఉంటి. ఆయమ్మ మొహం సూసి నాకూ ఏడుపొచ్చె. నువ్వొచ్చి ఒక్క మాట అడిగింటే, రాయి ఉండనీలే నాయనా, నేను బావనే చేసుకుంటానని దిగొద్దును బావా. మా నాయన పక్కన నిలబడినాడని నువ్వు బండి తట్టు గూడా రాకపోతివి."

అప్పటిదాకా ఆ రోజు నేనేదో త్యాగం చేశానని లోలోపల అనుకుంటూ ఉండేవాణ్ణి. ఆమెను అడగొచ్చన్న ఆలోచనే నాకు తట్టలేదు.

"వీరుడంట, వీరుడు!" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. మేనమామకు భయపడి తల వంచుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వే వస్తుంది. కానీ బండి దాకా నడిచి ఉంటే ఎంత బాగుండేదో అని అనుకోకుండా మాత్రం ఉండలేను.