పెరటి గోడ మీద పసుపు చెయ్యి

ఆ పొద్దున జావ తాగుతూ మా మార్త ముంత జారవిడిచింది. కరువు రోజులు. జావ నేలపాలైతే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? "కుడిచేత్తో సరిగ్గా పట్టుకోవే!" అని కసిరాను. పిల్ల ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి నాకు చూపించింది.

"ఇది రాలేదమ్మా."

అప్పటికి జ్వరం వదిలిందని సంతోషించి ఒక్కపూట కూడా కాలేదు. మార్తకు అప్పుడు అయిదేళ్లు.

ఉదయగిరి నుంచి ఎద్దుబండిలో ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోయాను. అక్కడ మందులిచ్చే అపోతికరీ సూదితో దాని వేళ్లు గుచ్చాడు. పిల్ల కెవ్వుమంది.

"ఏడ్చింది గదా, మంచిదే. ఫీవర్ పోతా పోతా నర్వ్ మీద దెబ్బ కొట్టినాది. పెరాలిసిస్. దీనికి మందు లేదు తల్లీ. వేణ్ణీళ్లతో రుద్దు. ఆ చేతికి పని చెప్పు, లేకుంటే మజిల్ ఎండిపోతాది."

"ఏం పని చెప్పేది?"

"పిల్లకు ఏది ఇష్టమో అది. నన్నడిగితే ఎట్లా?"

ఇంటికొచ్చేసరికి మా అత్త పావురాన్ని కోయించి పెట్టింది. వెచ్చటి నెత్తురు పూస్తే పడిపోయిన చెయ్యి లేస్తుందట. నెల్లూరు మిషన్ బడిలో చదివి, ఆడపిల్లలకు పాఠాలు చెప్పే నా మాట నా ఇంట్లోనే చెల్లలేదు. భుజం నుంచి గోళ్ల దాకా పూసింది. మా చర్చి సంఘపెద్ద యోహాను పక్కన నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. నెత్తురు ఎండి పొలుసులు కట్టింది. ఈగలు ముసిరాయి. ఆ కంపుకు పిల్ల తన చేతిని చూసుకుని తానే కక్కుకుంది. కడిగిన తర్వాత కూడా ఆ చేతిని పావడాలో దాచుకునేది.

ఇక లాభం లేదని పెరట్లో మూకుళ్లు పెట్టి ఎర్రమన్ను, బొగ్గుపొడి, పసుపు వేరువేరుగా నీళ్లలో కలిపాను. "ఈ గోడ నీది, పూసుకో" అన్నాను.

"ఏం బొమ్మ వెయ్యాల?"

"ఏ బొమ్మా వద్దు."

మొదట అంతా ఎడమచెయ్యే. ఒకరోజు ఆ చేత్తో కుడిచేతిని ఎత్తి పసుపులో ముంచి, గోడకు ఆనించి జార్చింది. కిందిదాకా సాగిన చారను చూసి కిలకిల నవ్వింది. రోజూ అదే ఆట. కొన్నాళ్లకు బొటనవేలు కదిలింది.

కానీ గోడ నిండా పసుపు చేతులు! పాలు పోసే రమణమ్మ చూసి, మశూచి సోకి అమ్మవారికి మొక్కుకున్నామనుకుని దొడ్డివాకిలి దాటి రాలేదు. "చెప్పవేంది పంతులమ్మా? నా ఇంట్లో బిడ్డలుండారు!" అని చెంబు అక్కడే పెట్టి పరుగెత్తింది.

సాయంత్రానికి యోహాను దిగాడు.

"బాప్తిస్మం పొందిన ఇంట్లో అమ్మోరికి పసుపు చేతులా? సంఘం ఏమనుకుంటాది?"

"పిల్ల చెయ్యి బాగుపడాలని అనుకోదా మీ సంఘం?"

"నోరు జాస్తి అయింది నీకు."

"నెత్తురు పూసిన రోజు ప్రార్థన చేసినారే! నెత్తురుకు లేని మైల పసుపుకు వచ్చిందా అయ్యా?"

ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మర్నాడు నేను బడిలో ఉండగా మనిషిని పంపి గోడంతా ఎర్రమట్టితో మెత్తించాడు. దగ్గరుండి ఆ పని చేయించింది మా అత్తే. నేనొచ్చి చూసేసరికి ఒక్క చెయ్యీ లేదు. ఆయన ఇంటి ముందు నిలబడి వీధి వినేలా కడిగేద్దామని చెంగు దోపుకున్నాను.

వెనక అలికిడైంది. మార్త తడిగోడ దగ్గరకు పోయింది. ఎడమచెయ్యి సాయం లేదు. కుడిచెయ్యి వణుకుతూ నడుము దాకా లేచింది. అయిదు వేళ్లూ మట్టిలో దిగాయి.

"అమ్మా, సల్లగా ఉండాది!"

నేను వీధిలోకి పోలేదు.

ఇప్పుడు మార్త రెండు చేతులతో ముంత పట్టుకుంటుంది. భుజం పైకి మాత్రం చెయ్యి లేవదు; లేస్తుందని నేను చెప్పను. గోడలో ఆ అచ్చు ఎండి గట్టిపడింది. యోహాను అటు వచ్చినప్పుడు ఆకాశం చూస్తాడు.

ఇలాంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే తడిమట్టి ఇవ్వండి, ఒక గోడ వదిలేయండి, నోట్లో పెట్టుకోకుండా చూసి తర్వాత చేతులు కడగండి. ఏం బొమ్మ అని మాత్రం అడగకండి.