బద్ధకానికి రుజువేది?

దెయ్యం ఉందని ఎవరైనా అంటే రుజువు చూపమని నిలదీసే మీరు, ఒక పిల్లను బద్ధకస్తురాలని టీచరు అన్నప్పుడు ఎన్నడైనా రుజువు అడిగారా? ఈ ప్రశ్న నాది కాదు. దీన్ని నాకు నేర్పిన మనిషి పోయిన వానాకాలంలో సారపాకలో కన్నుమూసింది. ఖమ్మంలో మా ఇంటి వెనక ఒక బడి ఉంది. ఇవాళ పొద్దున మంచు విడవకముందే అక్కడ విజిల్ మోగింది. తడిమట్టి మీద పిల్లల అడుగుల చప్పుడు, ఆయాసం, ఆ వెనకే ఒక గొంతు: "ఎనకబడ్డోళ్ళంత ఇంకో రౌండ్ కొట్టాలె. బద్ధకం వదలాలె." నేను టీ గ్లాసు అక్కడే పెట్టి, గోడ చుట్టూ తిరిగి వెళ్ళి ఆ సారును అడిగాను, అది బద్ధకమేనని ఎలా తెలిసిందని. ఆయన నన్ను వింతగా చూశాడు. అందుకే ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆమె పేరు గ్రేసమ్మ. కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైంది. భర్త కాగితం మిల్లులో పనిచేసేవాడు. నేత చీర, కాళ్ళకు కాన్వాసు బూట్లు, మెడలో పాత విజిల్ ఆమె వేషం. ఆదివారం చర్చి తప్పేది కాదు. నేనేమో సభల్లో దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే గాటన కట్టి ఉతికేసేవాణ్ణి. మమ్మల్ని ఒకే జీపు ఎక్కించింది ఒక స్వచ్ఛంద సంస్థ. ములకలపల్లి వైపు అడవి అంచు బడుల్లో, గూడేల్లో ఆ సంస్థ కొన్నేళ్ళుగా ఆటల కార్యక్రమం నడుపుతూ వచ్చింది. బంతులు, వలలు, బూట్లు ఇచ్చింది, శిక్షకులను పెట్టింది. ఇంత చేస్తే పిల్లలకు ఒరిగిందేమిటో చూసి చెప్పమని మమ్మల్ని పంపింది. చూడటానికి ఆమె, నివేదిక రాయడానికి నేను. మొదటి రోజు జీపు కదలగానే ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. "మేడం, వినేవాడు లేడు," అన్నాను. ఆమె కళ్ళు తెరవకుండానే, "నువ్వు వింటున్నవు కదా నాయనా, చాలు," అంది.

మేం వెళ్ళిన బడిలో మా కోసం అంతా సిద్ధం చేశారు. బల్ల మీద పోటీల్లో గెలిచిన కప్పులు వరుసగా పేర్చారు. మైదానంలో కబడ్డీ కోర్టుకు కొత్తగా సున్నం గీశారు. సాయంత్రం గూడెం యువకులు వాలీబాల్ ఆడి చూపిస్తారని కూడా చెప్పారు. వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అక్కడ అందరూ పీఈటీ సారు అనేవారు. ఆయన ఉత్సాహంగా గెలిచిన పోటీలన్నీ చెప్పుకొస్తున్నాడు. నేను రాసుకుంటున్నాను. తలెత్తి చూస్తే మేడం పక్కన లేదు. మైదానం చివర జామాయిల్ చెట్ల నీడలో, ఆడకుండా కూర్చున్న పిల్లల మధ్య ఆమె కూడా చతికిలబడి కూర్చుని ఉంది. నేను వెళితే, "ఆడేటోళ్ళను చూసేతందుకు నువ్వున్నవు గద. నేను ఆడనోళ్ళను చూస్త," అంది. తర్వాత ఏ బడికి వెళ్ళినా ఆమె పద్ధతి ఇదే.

ఆ నీడలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మోకాళ్ళు చుట్టుకుని కూర్చుంది. మేడం పేరు అడిగే లోపే పక్క పిల్ల అందుకుంది: "అది సునీత మేడం. మేమైతే సుస్తీ సునీత అంటం." అంతా నవ్వారు. "నిన్నేమంటరు మరి?" అని మేడం అడిగితే, ఆ పిల్ల తల వంచుకుని, "వాగుడుకాయ అంటరు," అంది. ఈసారి సునీత కూడా నవ్వింది. నవ్వు తగ్గాక మేడం మెల్లగా మొదలుపెట్టింది.

"ఎందుకు ఆడతలేవు బిడ్డా?"

"కాళ్ళు గుంజుతయ్ మేడం. చేతులు గూడ."

"ఎప్పుడు?"

"పొద్దుగాల రౌండ్లు కొట్టినంక. చలికి ఇంకా ఎక్కువైతది."

"సారుకు చెప్పినవా?"

"చెప్పిన. నాటకాలు బంద్ చెయ్ అన్నడు."

పీఈటీ సారు చెడ్డవాడు కాదు. ఆ కార్యక్రమంలోనే ఒక నియమం ఉంది: ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఏటికేడు ఇంకా వేగంగా పరిగెత్తాలి. అందుకని వెనకబడ్డవాళ్ళ చేత అదనంగా పరుగులు తీయించేవారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ప్రత్యేక శ్రద్ధ. మేడం అడిగితే ఆయన దాపరికం లేకుండా చెప్పాడు: "ఈ పిల్లలు పొద్దంత అడివిల తిరుగుతరు మేడం, అప్పుడు నొయ్యవు కాళ్ళు. రౌండ్ అనంగనే నొస్తయ్. బద్ధకం, ఇంకేంది."

"బద్ధకమని మీకెట్ల తెలిసింది సార్?"

"చూస్తే తెల్వదా మేడం?"

"నేను చూస్తే ఆ పిల్ల కండ్లు పచ్చగ కనబడ్డయ్. మీకు కనబడలేదా?"

ఆయన మైదానం వైపు తిరిగి విజిల్ ఊదాడు.

ఆ సాయంత్రం వాలీబాల్ చూడకుండా మేం సునీత ఇంటికి వెళ్ళాం. తల్లీ తండ్రీ కూలికి పోయారు. నాయనమ్మ చాటలో ఇప్పపువ్వు ఏరుతోంది. సునీత చేతికి ఉన్న నల్లదారం గురించి అడిగితే, "గాలి సోకింది సారూ, అడివి గాలి. వడ్డె కట్టిండు," అంది. గూడెంలో పూజలు చేసే మనిషిని వడ్డె అంటారు. నా నాలుక ఊరుకోలేదు. గాలీ లేదు, ధూళీ లేదు, ఇవన్నీ మనుషులు కల్పించుకున్నవేనని మొదలుపెట్టాను. ముసలమ్మ చాట దించకుండానే, "నీకు లేదేమో. దానికుంది. రాత్రంత ఏడుస్తది," అంది. మేడం నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ముసలమ్మకు ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"ఆ గాలి ఎప్పుడొస్తదవ్వా?"

"చలికాలంల ఎక్కువ. బడిల ఉరికిచ్చిన నాడు తప్పకుంట వస్తది. నీళ్ళు తాగకుంట ఎండల పోయిన నాడు గూడ."

"ఇంట్ల ఇంకెవరికన్న వచ్చిందా?"

"దీని తమ్మునికి. చిన్నప్పుడు చేతులు, పాదాలు బూరెల్లెక్క వాచేటియి. ఇప్పుడు వాడు హాస్టల్ల ఉన్నడు."

దవాఖానకు తీసుకుపోతామంటే ముసలమ్మ వెనకాడింది. "దారం తీసేస్తరా?" అని అడిగింది. తెంపి పారేయాలని నా చెయ్యి దురద పెడుతోంది. మేడం మాత్రం, "దారం ఉండనీ అవ్వా. రక్తం తీసేతందుకు దారం అడ్డం రాదు," అంది. తిరుగు దారిలో నేను మూఢనమ్మకాల మీద ఇంకా ఏదో అంటుంటే ఆమె అడ్డు తగిలింది. "ముసలమ్మ పిల్లను కనిపెట్టి చూసింది నాయనా. ఎప్పుడొస్తదో, దేంతోటి వస్తదో అన్నీ చెప్పింది. కారణం ఒక్కటే తప్పు. ఆ సారు చూడనే లేదు, కారణం మాత్రం చెప్పేసిండు. ఇద్దరిల ఎవరి మూఢనమ్మకం పెద్దది?" ఆ వెంటనే, "అది తర్వాత ఆలోచిద్దువు. జల్దీ ఫోన్ చేసి డాక్టరు ఎప్పుడుంటడో కనుక్కో," అంది.

భద్రాచలంలో రక్త పరీక్ష చేయించాం. సికిల్ సెల్ అని తేలింది. అడవి ప్రాంతపు కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు అది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. చలి, దాహం, శక్తికి మించిన శ్రమ దాన్ని రెచ్చగొడతాయి. ఎంత నొప్పి పుడుతుందో డాక్టరు చెబుతుంటే సునీత మా అందరి ముఖాలూ చూసింది. తన మాటను ఒకరు నమ్మడం ఆ పిల్ల మొదటిసారి చూస్తోంది. "అయితే ఇక ఆటలు బంద్ అని రాస్తాను," అన్నాను నేను. మేడం గట్టిగానే కసిరింది: "ఆట బంద్ చెయ్యమని ఎవరు చెప్పిన్రు? అలిసినప్పుడు కూర్చోనియ్యాలె, నీళ్ళు తాగనియ్యాలె. బంద్ చెయ్యాల్సింది శిక్షలు." డాక్టరు అవునన్నాడు. తమ్ముణ్ణి కూడా వెంటనే తీసుకురమ్మన్నాడు. సునీతకు మాత్రలు మొదలయ్యాయి. మేం మళ్ళీ వెళ్ళేసరికి ఆ పిల్ల ఖోఖో వరుసలో కూర్చుని ఉంది. పీఈటీ సారు బిందె నిండా నీళ్ళు తెప్పించి మైదానంలో పెట్టించాడు. ఆ బడిలో అదనపు రౌండ్లు ఆగిపోయాయి.

ఒక్క బడిలో ఆగితే సరిపోతుందా? కార్యక్రమం నడిచే ప్రతి బడిలో పిల్లలందరికీ ముందు రక్త పరీక్ష జరగాలని, పరుగును శిక్షగా వాడకూడదని నివేదిక మొదటి పేజీలోనే రాశాం. ఖమ్మంలో జరిగిన సమావేశంలో సంస్థ నిర్వాహకుడు ఆ పేజీ మీద వేలు పెట్టాడు. "ఇది దవాఖాన ముచ్చట మేడం. మనది ఆటల ముచ్చట. ఇది చదివితే దాతలు భయపడుతరు," అన్నాడు.

"పిల్ల పడిపోయినంక దాతలకు ఏం రాస్తరు సార్?"

"మీకు దొరికింది ఒక్క కేసే గద."

"ఒక్కదానికే పరీక్ష చేయించినం. అందుకే ఒక్కటి దొరికింది."

నివేదిక అచ్చయి వచ్చింది. అట్ట మీద కప్పులతో పిల్లల బొమ్మ ఉంది. మా పేజీ లేదు. ఆ తర్వాత ఏ మూల్యాంకనానికీ మేడంను పిలవలేదు.

సునీత తమ్ముడు చందు చదివే హాస్టలు ఇంకో మండలంలో ఉంది. అక్కడా ఇదే కార్యక్రమం, ఇదే నియమం. పరీక్ష చేయిస్తానని తండ్రి తీసుకురావడానికి పోతే, ఆటల పోటీలు అయ్యాక పంపుతామన్నారు. మేడం ఫోన్ చేస్తే అదే మాట చెప్పారు. ఒక చలి పొద్దున పోటీల కోసం పరిగెత్తిస్తుంటే చందు వెనకబడ్డాడు. ఇంకో రౌండ్ అన్నారు. పడిపోయాడు. నటిస్తున్నాడనుకుని లేచేదాకా చూద్దామన్నారు. భద్రాచలం చేర్చేటప్పటికి ఆలస్యమైంది. పిల్లాడు దక్కలేదు.

మేం వెళ్ళేసరికి ముసలమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది. నన్ను గుర్తుపట్టింది. "గాలి గాదన్నవు గద సారూ. మరి మా పిలగాణ్ణి ఏంది తీస్కపోయింది?" అంది. వేదికల మీద ఎవరికైనా బదులు చెప్పగలిగే నేను మేడం వైపు చూశాను. మేడం ఆమె చేతులు పట్టుకుంది. "మేమే అవ్వా. తెలిసి గూడ ఆపలేకపోయినోళ్ళం," అంది. దైవ నిర్ణయమని ఆమె అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. జీపులో నేనే అడిగితే, "దేవుని మీద పెడితే మనం తప్పించుకున్నట్టే గద," అంది. హాస్టలు వాళ్ళను, నిర్వాహకుణ్ణి నేను తిడుతూనే ఉన్నాను. ఆమె చాలాసేపు విని, "కోపం మంచిదే. దాన్ని పనికి పెట్టు," అంది.

ఆమె తన కోపాన్ని పనికి పెట్టింది. ఎవరూ పంపకపోయినా బస్సెక్కి బూర్గంపాడు చుట్టుపక్కల, ములకలపల్లి వైపు బడులన్నీ తిరిగింది. మోకాళ్ళు మొరాయించినా మానలేదు. హెడ్మాస్టర్ల ముందు కూర్చుని రక్త పరీక్షలు చేయించమని, శిక్షల పరుగులు ఆపమని అడిగింది. కొందరు విన్నారు. కొందరు టీ ఇచ్చి పంపారు. మళ్ళీ వెళ్ళింది. మంచాన పడేదాకా వెళ్ళింది.

నేను ఇప్పటికీ నాస్తికుణ్ణే. దారాలకూ తాయెత్తులకూ వ్యతిరేకంగా ఇప్పటికీ మాట్లాడతాను. కానీ హేతువాదమంటే గూడెం ముసలమ్మతో వాదించి గెలవడం అనుకునే రోజులు పోయాయి. చదువుకున్నవాళ్ళు రుజువు లేకుండా పలికే మాటలున్నాయి: బద్ధకం, మొండితనం, నటన. అవి బడి లోపల, విజిలు చేతపట్టుకుని తిరిగే దెయ్యాలు. వాటికి బలి ఇచ్చేది కోడిని కాదు. అడవి గాలి ఏ పిల్లాణ్ణీ చంపలేదు. ఇలాంటి మాటే ఒక పిల్లాణ్ణి చంపింది. ఆ ముసలమ్మకు నేనింకా జవాబు బాకీ ఉన్నాను.

చదివి నిట్టూర్చి ఊరుకోకండి. మీ ఊరి బడికి రేపే వెళ్ళండి. పిల్లలకు సికిల్ సెల్ పరీక్ష అయిందా అని హెడ్మాస్టరును అడగండి. కాలేదంటే ఎప్పుడు చేయిస్తారో తేదీ చెప్పమనండి, ఆ రోజు మీరూ అక్కడ ఉండండి. అప్పటిదాకా శిక్షగా ఒక్క పిల్లను కూడా పరిగెత్తించనివ్వకండి.