పచ్చ చాదర్ ఎక్కడ కప్పానంటే

బందరులో నేను పరువు పోగొట్టుకున్న కథ మీ తాతయ్య ఫోన్లో మీకు సగమే చెప్పారట. పుణేలో కూర్చుని అన్నాచెల్లెళ్లిద్దరూ పడీపడీ నవ్వారట. మిగతా సగం నేను చెబుతాను. గొంతు పెంచను. కానీ కోపంగానే ఉన్నానని గుర్తుపెట్టుకుని వినండి.

బాబీ, అప్పటికి నీకు మూడేళ్లు నిండాయి. నోట్లోంచి ఒక్క మాట లేదు. వేలు చూపించి పనులన్నీ చేయించుకునేవాడివి, కలెక్టరుగారిలా. మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చేది. చల్లపల్లిలో మా పక్కింటి ఖాసింబీ అది చూడలేక, బందరు పాత మదర్సాలో తన అన్నగారు పాఠాలు చెబుతారని, ఆయన చేత నీ కోసం దువా చేయిస్తానని అంది.

అంతటితో నేను ఊరుకోవచ్చుగా? దువా అంటే దర్గా, దర్గా అంటే చాదర్. మన వైపు పీర్లకి మొక్కని ఇల్లుందా, నాకొకరు నేర్పాలా అనుకున్నాను. సమాధి మీద కప్పే పచ్చ చాదరొకటి, అగరొత్తులు, పావుకిలో పంచదార ఎవరికీ చెప్పకుండా సంచిలో పెట్టుకున్నాను.

ఖాసింబీ, తాతయ్య, నేను ఆటోలో వెళ్లాం. మదర్సా ఎంత పాతదో! ఏనుగు పట్టే తలుపులు, మూరెడు మందం గోడలు. లోపల పిల్లలు ఊగుతూ చదువుతుంటే తేనెపట్టు కదిలినట్టుంది. ఖాసింబీ అన్నగారైన మౌల్వీగారు నీ పేరడిగి, చేతులు చాపి, కళ్లు మూసుకుని దువా చేశారు. అక్కడితో లేచి రావాలా వద్దా? బాబాగారి సమాధి ఎక్కడండీ అన్నాను.

"ఇక్కడ సమాధులేం లేవమ్మా, చదువు చెప్పుకుంటామంతే," అన్నారాయన. "పిల్లాణ్ణి చెవుల డాక్టరుక్కూడా ఒకసారి చూపించండి."

నాకు ఒళ్లు మండింది. మొక్కు తీర్చుకుందామని వస్తే డాక్టరా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇచ్చేశాడు, నా సంచే ఒప్పుకోలేదు. అమ్ముడుపోని చేపల బుట్టలా బరువెక్కింది.

తర్వాత మీ తాతయ్య పాత కట్టడాలు చూద్దామని ఆటోని బందరుకోట వైపు పోనిచ్చారు. ఖాసింబీ మోకాళ్ల నొప్పులని ఆటోలోనే ఉండిపోయింది. తాతయ్య గేటు దగ్గర బోర్డు చదువుతూ నిలబడ్డారు. నేను లోపలికి వెళ్లి చూద్దును కదా, వరసగా సమాధులు! ఒకదాని నిండా చెక్కిన అక్షరాలు. కళ్లజోడు లేదు. అయినా నాకు రాని అక్షరాలన్నీ అరబ్బీయే కదా. చాదర్ కప్పాను, మట్టిలో అగరొత్తులు గుచ్చాను, పంచదార పెట్టాను. కొంగు నెత్తిన వేసుకుని, మా బాబీకి మాటలిప్పించమని పావుగంట ఏడ్చి మొక్కాను.

కళ్లు తెరిచేసరికి ఆటో దిగొచ్చిన ఖాసింబీ పక్కన, తాతయ్య వెనక నిలబడి ఉన్నారు.

"ఎవరికి వదినా ఇదంతా?"

"బాబాకి."

"బాబా కాదు వదినా, హాలండు దొర. బట్టల వ్యాపారానికొచ్చి ఇక్కడే పోయాడంట."

మోకాళ్ల సంగతి మర్చిపోయి నేల మీద చతికిలబడి నవ్వింది. నేను తాతయ్య వైపు తిరిగి, బోర్డు చదివారుగా అన్నాను.

"చదివాను. నువ్వంత భక్తిగా ఉంటే మధ్యలో ఎలా కదిలిస్తానే?"

వింటున్నారా? సత్యనారాయణ వ్రతంలో కూర్చుంటే కాఫీ అడిగే మనిషాయన! నా భక్తికి అడ్డు రానిది ఆ ఒక్కరోజే. అక్కడి కాపలాదారు చాదర్ మడిచి నా చేతిలో పెట్టి, పంచదార చీమలకి వదిలేయమంటారా అని ఎంతో మర్యాదగా అడిగాడు.

వాళ్లకి నవ్వులాట. నాకు మాత్రం నీకు మాటలెక్కడ రాకుండా పోతాయోనని భయం. దొరకి తెలుగొచ్చో రాదో! ఇంటికొచ్చి, సిగ్గు చంపుకుని, మౌల్వీగారి మాట మీ అమ్మకి చెప్పాను. డాక్టరు చూసి చెవుల్లో నీరు చేరిందన్నాడు, చిన్న ఆపరేషన్ చేశాడు. కొన్నాళ్లకి మీ అమ్మ ఫోన్ చేసి, బాబీ మాట్లాడుతున్నాడమ్మా, విను అంది. ఆనందం పట్టలేక మదర్సా, దువా, దొర, చాదర్ అన్నీ నీకు చెప్పుకొచ్చాను. అంతా విని, నువ్వు నాతో అన్న మొట్టమొదటి మాట:

"అమ్మమ్మా, ఫోన్ పెట్టెయ్."

కాబట్టి పిల్లలూ, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సమాధిలో ఉన్నాయన పేరు, ఊరు, వచ్చిన భాష కనుక్కోకుండా ఇకమీదట చాదర్ కప్పను. ఎవరికైనా మాటలిప్పించమని మొక్కాల్సి వస్తే, ఏ మాటలో కూడా ముందే చెప్పుకుంటాను.