సోలార్ ప్లేట్లకు మంచినీళ్లు

మార్కాపురం పక్కన మా ఊరి గుట్ట మీద సోలార్ ప్లేట్లు పరిచాక, సూర్యుడు కూడా గేటు దగ్గర సంతకం పెట్టి లోపలికి వెళ్తున్నాడని చెప్పుకునేవాళ్లం. ఆ ప్లేట్లు కడిగే ఆడవాళ్లకు మేస్త్రి మా చర్చి వీధి సామ్రాజ్యం. ఆమె గొంతెత్తితే గిద్దలూరులో రైలు ఆగుతుంది. మిరప కోతల్లో, పలకల గనుల్లో నడుం పోగొట్టుకున్న మనిషికి యాభై దాటాక దొరికిన నెల జీతం అది.

అక్కడే ఆమె ఒక వింత చూసింది. మా బోరు నీళ్లతో కడిగితే ప్లేట్ల మీద తెల్ల మచ్చలు పడతాయట. అందుకని పొదిలి వైపు నుంచి ట్యాంకర్‌లో మంచినీళ్లు తెప్పించి కడిగిస్తారు. మేం తాగేది ఆ బోరు నీళ్లే. సామ్రాజ్యం మనవరాలు దీవెనకు ఐదేళ్లకే మోకాళ్లు వంగుతున్నాయి. ఫ్లోరైడు, నీళ్లు మార్చమన్నాడు డాక్టరు.

సామ్రాజ్యం మార్చింది. ట్యాంకర్ డ్రైవరు శ్యాంసన్ ఆమె అన్న కొడుకు. దారిలో చర్చి వెనక బండి ఆపేవాడు. వీధంతా బిందెల్లో, డ్రమ్ముల్లో, ఆఖరికి పెళ్లి గంగాళాల్లో కూడా మంచినీళ్లు పట్టుకునేది. ఖాళీ ట్యాంకర్‌లో బోరు నీళ్లు నింపుకుని వాడు గుట్ట ఎక్కేవాడు.

"అత్తా, దొరికితే నా పని పోతాది."

"పని పోతే ఇంకోటి చూసుకుందువులేరా. బిడ్డ కాళ్లు పోతే యాడ తెస్తావు?"

ఎండాకాలానికి బోరు నీళ్ల మచ్చలతో గుట్ట ముసలమ్మ తలలా నెరిసింది. కరెంటు తగ్గింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం సోలార్ ఇంజినీరు కిరణ్ మోటార్ సైకిల్ మీద మా వీధిలోకి దిగాడు. సరిగ్గా అప్పుడే ట్యాంకర్ చర్చి వెనక ఉంది.

"ట్యాంకర్ యాడమ్మా?"

"ఏ ట్యాంకరు సారూ?" అంది కృపారాణి, నెత్తి మీద బిందె కారుతుండగానే.

"పెద్దారవీడు కాడ పంచరైంది," అంది విజయలక్ష్మి.

"కాదు, ఇంజను కాలింది," అంది ఝాన్సీ.

కిరణ్ ముఖం కందగడ్డయింది. చర్చి వైపు నాలుగడుగులు వేశాడు. అంతలో ఎండకు తల తిరిగిందేమో, సామ్రాజ్యం ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

"పెద్దమ్మా, గొంతు ఎండిపోయింది. కాసిన్ని నీళ్లియ్యి."

ఆమె ఇంట్లో రెండు బిందెలున్నాయి. వాడకానికి బోరు నీళ్లు, దీవెనకు మంచినీళ్లు.

"వదినా, బోరువి పొయ్యి. లేకుంటే దొరికిపోతాం," అని కృపారాణి గొణిగింది.

సామ్రాజ్యం బోరు నీళ్ల బిందెలో చెంబు ముంచింది. ఆగింది. ఒలకబోసేసి రెండో బిందెలో ముంచి తెచ్చింది.

కిరణ్ ఒక్క గుక్క తాగి ఆగాడు. "ఇవి మా ట్యాంకర్ నీళ్లే."

"అవును నాయనా."

"ముందు ముంచిన ఆ బిందెలోవో?"

"బోరువి. ఎవరు కన్న బిడ్డవో, నీకు పొయ్యబుద్ధి కాలే."

అతను మిగిలినవి తాగి, చెంబు పెట్టేసి బండెక్కి వెళ్లిపోయాడు. మెత్తబడ్డాడనుకున్నాం. మర్నాడు పొద్దున్నే సామ్రాజ్యాన్ని, శ్యాంసన్‌ను పనిలోంచి తీసేశారు.

మిగతా ఆడవాళ్లు తుడిచే కర్రలు గేటు ముందు పడేసి, సామ్రాజ్యాన్ని తీసుకోవాలని, ఊరికి మంచినీళ్లు ఇవ్వాలని కూర్చున్నారు. నల్లమల గాలికి లేచిన దుమ్మంతా ప్లేట్ల మీదే దిగింది. వాటి మీద జొన్నలు చల్లినా మొలిచేవి. చివరికి మేనేజరు బయటికొచ్చాడు.

"గేటు బయట మంచినీళ్ల కుళాయి పెడతాం. లేదంటే ఆమెను పనిలోకి తీసుకుంటాం. రెండూ కుదరవు."

"మా వదినను తీసుకోవాల్సిందే!" అని కృపారాణి అరిచింది. అందరూ అందుకున్నారు.

వెనక కూర్చున్న సామ్రాజ్యం లేచింది. దీవెన ఆమె చంకలో ఉంది.

"నోరు ముయ్యండే. కుళాయి పెట్టు సారూ."

శ్యాంసన్ ఇప్పుడు పలకల లారీ నడుపుతున్నాడు. సామ్రాజ్యం మళ్లీ మిరప చేలకు పోతోంది, నడుం పట్టుకుని తిట్టుకుంటూ. కుళాయి దగ్గర మాత్రం ఆమె బిందె నిండేదాకా పాస్టరమ్మకైనా వంతు రాదు.