పదిహేడో నంబరు ముద్ర

కబేళాలో అతన్ని అమ్మ పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. తోటి పనివాళ్ళకి పదిహేడు, మాంసం కొట్లవాళ్ళకి పదిహేడు, జీతాలిచ్చే గుమాస్తాకీ పదిహేడే. అక్క మాత్రం "ఒరేయ్ తమ్ముడూ" అనేది. అక్క మొగుడు "బామ్మర్దీ" అనేవాడు. ఆ రెండు పిలుపుల కోసమే వారానికోసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేవాడు. పెళ్ళి కాలేదు. కోపం ముక్కు మీద పెట్టుకుని తిరిగేవాడికి పిల్లనెవరిస్తారురా అని అక్క దెప్పేది.

ఆ నంబరు సంగతి ముందు చెప్పాలి. అక్కడ కోతపని చేసే ప్రతివాడికీ ఒక ఇత్తడి ముద్ర ఉంటుంది, దాని మీద వాడి నంబరు. గొర్రెని కోసి, తోలు తీసి, పేగులు దింపి, కొక్కేనికి వేలాడదీశాక, కోసినవాడే ఊదా సిరాలో ముద్ర అద్ది తొడ మీద గుద్దాలి. ఆ సిరా సబ్బుకి పోదు. మాంసంలో తేడా వస్తే కొట్టువాడు ఆ తొడ పట్టుకొచ్చి నంబరు చదువుతాడు. ఆ నంబరువాడు ముందుకొచ్చి "నేనే" అనాలి. పక్కవాడి మీదికి నెట్టడం అక్కడ చెల్లదు.

అతనికి ఇరవై రెండేళ్ళప్పుడు ఆ గతి పట్టింది. చీముగడ్డ చూసుకోకుండా ముద్ర కొట్టి పంపేశాడు. ఒకింట్లో ముగ్గురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఇంటాయన తొడ భుజాన వేసుకొచ్చి, "ఎవడ్రా పదిహేడు?" అని అరిచాడు. అతను వణుక్కుంటూనే ముందుకెళ్ళి "నేనే" అన్నాడు. ఆయన రెండు చెంపలూ వాయించాడు. పెదవి చిట్లి రక్తం కారుతుంటే కాసేపు అతన్ని చూసి, "సరే, నువ్వే అన్నావు కదా" అని వెళ్ళిపోయాడు. ఆ మాట అతనికి దెబ్బల కంటే బాగా గుర్తుండిపోయింది. ఇరవయ్యేళ్ళలో మళ్ళీ ఎవరూ పదిహేడుని వెతుక్కుంటూ రాలేదు.

బావది నోటి మంచితనం పని. ఒక బ్యాంకు తరఫున తోలుసంచి తగిలించుకుని కొట్టుకొట్టుకీ తిరిగి రోజువారీ పొదుపులు వసూలు చేసేవాడు. జోకు చెప్పకుండా ఎవరి దగ్గరా చెయ్యి చాపేవాడు కాదు. కబేళాలో సగంమంది అతని మాట మీదే ఆ బ్యాంకులో చేరారు. పదిహేడు పక్క కొక్కెం దగ్గర పనిచేసే తొమ్మిదో నంబరువాడు, పదేళ్ళుగా అతనితో ఒకే సానరాయి మీద కత్తి నూరుకున్నవాడు, కూతురి చదువు కోసం దాచిందంతా ఆ సంచిలోనే వేశాడు.

ఒక రోజు భోజనాల దగ్గర బావ గొప్పలు పోయాడు. "మా బ్యాంకంటే ఏమనుకున్నావు బామ్మర్దీ? ఊరవతల నాలుగువేల గొర్రెల ఫారానికి అప్పిచ్చింది."

"నాలుగువేలా! ఈ చుట్టుపక్కల గొర్రె దగ్గితే నాకు తెలుస్తుంది బావా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ ఫారం."

బావ నవ్వలేదు. ముద్ద కంచంలోనే పెట్టేశాడు. "నేను కళ్ళారా చూసినట్టు సంతకం పెట్టానురా. తనిఖీ కాయితం మీద."

"చూశావా?"

"ఛైర్మన్‌గారు తను చూశానన్నారు. నమ్మకస్తుడివి, నువ్వు పెట్టవయ్యా అని పెన్ను చేతికిచ్చారు."

పదిహేడు అప్పుడే కంచం దగ్గర్నుంచి లేవాల్సింది. బావ చెవి మెలేసి, పద, ఆ సంతకం కొట్టేయించుకుని వద్దాం అనాల్సింది. తన ముద్ర ఒక్కటి తప్పుగా పడితే ఏమవుతుందో చెంపల మీద నేర్చుకున్నవాడు కదా! కానీ ఆకలి మీదున్నాడు. "పోనీలే, ఒక సంతకమే కదా" అన్నాడు. కూర ఇంకాస్త వేయించుకున్నాడు. ఆ మాట అన్నందుకు అతను తన్ను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు, నేను కూడా క్షమించను.

ఆర్నెల్లకి బ్యాంకు మూతపడింది. లేని ఫారాలకి, లేని మిల్లులకి ఇచ్చిన అప్పులన్నీ ఛైర్మనూ అతని మనుషులూ తినేశారు. కంచే చేను మేసింది. షట్టరు మీద ఎవరో ఆ అప్పుల జాబితా అతికించారు. మంజూరు చేసినవారు అన్నచోట 'కమిటీ' అని ఉంది. సిఫారసు చేసినవారు అన్నచోటా 'కమిటీ' అనే ఉంది. తనిఖీ చేసినవారు అన్నచోట మాత్రం ఇంటిపేరుతో సహా బావ పేరు ఉంది.

జనం రాళ్ళు పట్టుకుని పోగయ్యారు. బావ పారిపోలేదు. "నా మొహం చూసి ఇచ్చారే, నా మొహం చూపించాలి కదా" అని అక్క చెయ్యి విదిలించుకుని వెళ్ళి, షట్టరు ముందు నిలబడి మాట్లాడబోయాడు. మొదటి రాయి కణతకి తగిలింది. పడిపోయాక కాళ్ళతో తొక్కారు. సంచి పట్టీ మెడకి బిగిసిపోయి ఉంటే దాన్ని పట్టుకుని రోడ్డంతా ఈడ్చారు.

కబురు తెలిసి పదిహేడు నెత్తుటి ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. అడ్డొచ్చినవాణ్ణి అడ్డొచ్చినట్టు మోచేత్తో పొడిచాడు, ఒకడి ముక్కు పగిలింది, ఇంకొకడి పళ్ళు ఊడాయి. మధ్యకి చేరేసరికి బావది ఒక కన్ను తెరుచుకునే ఉంది, రెండోది కనబడటం లేదు. పైన నిలబడ్డవాడి చేతిలో తోలుసంచి ఉంది. వాడు తొమ్మిదో నంబరు.

పదిహేడు వాడి గొంతు పట్టుకుని షట్టరుకి అదిమాడు. వాడి నాలుక బయటికొచ్చింది. "అందరం కొట్టాం! నా ఒక్కడి దెబ్బకే పోయాడా?" అని కీచుమన్నాడు వాడు. ఆ మాట వినగానే పదిహేడు వదిలేశాడు. జనం చెదిరిపోయారు. రోడ్డు మీద అతనూ బావా మిగిలారు.

పోలీసులు 'గుర్తు తెలియని గుంపు' అని రాసుకున్నారు. బ్యాంకు మీద విచారణ ఏడాది నడిచింది. ఆఖర్న సంస్థ తప్పు చేసిందన్నారు, సంస్థకి జరిమానా వేశారు. ఆ జరిమానా బ్యాంకులో మిగిలిన డిపాజిట్లలోంచే కట్టారు, అంటే దెబ్బ తిన్నవాళ్ళే జరిమానా కట్టుకున్నారు. ఛైర్మన్ చేతులు దులుపుకుని ఇంకో కంపెనీ తెరిచాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ ఆ పిడికెడు కూడా ఎవరికీ అంటలేదు.

అక్క దర్జీ పని చేసేది. ఆ ఏడాదంతా మిషను తొక్కుతూ ఒకటే మాట అనేది. "గుంపు చంపిందంటారు. సంస్థ తిన్నదంటారు. గుంపుకి తల్లుందట్రా? సంస్థకి మొహముందట్రా? ఎవడో ఒకడు నా ముందుకొచ్చి నేనే అంటే చాలు తమ్ముడూ. ఇంకేం వద్దు."

జరిమానా వార్త వచ్చిన మర్నాడు పొద్దున్నే, పదిహేడు పన్నెండు గొర్రెలు కోసి, ముద్రలు కొట్టి, చేతులు కడుక్కుని, మచ్చుకత్తీ ఇత్తడి ముద్రా సిరాబిళ్ళా సంచిలో వేసుకుని ఛైర్మన్ కొత్త ఆఫీసుకి వెళ్ళాడు. మాంసం ఆర్డరు అనుకుని లోపలికి పంపారు. తలుపు గొళ్ళెం వేశాడు.

"ఆ గొర్రెల ఫారానికి అప్పు ఎవరిచ్చారండీ?" అని మర్యాదగానే అడిగాడు.

"చూడు బాబూ, అది బోర్డు నిర్ణయం."

"బోర్డంటే ఎవరు?"

"మేమందరం."

"మీ అందర్లో మీరెవరు?"

ఛైర్మన్ ఫోనుకి చెయ్యి చాపాడు. పదిహేడు ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని బల్లకేసి కొట్టాడు. మచ్చుకత్తి తిరగేసి, మందంగా ఉన్న వీపుతో ఒక దెబ్బ వేశాడు. చూపుడువేలు విరిగింది. "ఎవరు?" ఇంకో దెబ్బ. నడిమివేలు. గదిలో ఎముక చప్పుడూ ఛైర్మన్ కేకా కలిసి వినబడ్డాయి. బయట తలుపు బాదుతున్నారు. నాలుగో దెబ్బకి ఛైర్మన్ బల్ల మీద మొహం పెట్టి, "నేనే! నేనే ఇచ్చాను! నేనే తిన్నాను!" అని ఏడ్చాడు. ప్యాంటు తడిసింది.

పదిహేడుకి సంతోషం కలగలేదు. కత్తి మెడ మీద పెడితే గొర్రె కూడా ఏమన్నా అంటుంది. ఇది అక్క అడిగిన 'నేనే' కాదని అతనికి అప్పుడే తెలిసిపోయింది. అసహ్యం వేసింది, వాడి మీదా తన మీదా. మెడ మీద ఒక్క వేటు వేస్తే అయిపోయేది, చెయ్యి అలవాటుగా లేచింది కూడా. కానీ ఎలాగో దించాడు. ముద్రకి సిరా అద్ది ఛైర్మన్ నుదుటి మీద గుద్దాడు. పదిహేడు అని ఊదారంగులో పడింది.

"ఇది నా పని. ఎవరైనా అడిగితే ఈ నంబరు చూపించండి" అని చెప్పి, తలుపు తీసి, కత్తి నేల మీద పెట్టి కూర్చున్నాడు. లోపలికొచ్చినవాళ్ళు కుర్చీలతో కొట్టారు. రెండు పక్కటెముకలు విరిగాయి. చెయ్యి అడ్డం పెట్టలేదు.

కోర్టులో లాయరు ఆవేశంలో చేశానని చెప్పుకోమన్నాడు. జడ్జి అడిగినప్పుడు అతను "నేనేనండి. అనుకునే వెళ్ళాను" అన్నాడు. ఆరేళ్ళు వేశారు. అంత పెద్ద మోసంలో జైలుకెళ్ళినవాడు ఆ బ్యాంకులో ఖాతా కూడా లేనివాడు. కడుపు మండదా మరి!

జైలుకెళ్ళిన నాలుగో నెలలో అక్క ములాఖత్‌కి వచ్చింది. ఇనప జాలీ అవతల కూర్చుంది.

"తొమ్మిదో నంబరువాడు వచ్చాడురా. మీ బావ సంచి పట్టుకుని. గుమ్మంలో నిలబడి, అక్కా, నేనే, కణతకి తగిలిన మొదటి రాయి నాదే అన్నాడు."

పదిహేడు జాలీ పట్టుకుని లేచాడు. "ఎవడు చెప్పమన్నాడట?"

"ఎవడూ కాదు. కోర్టులో నువ్వు చెప్పేటప్పుడు వెనక కూర్చున్నాడట. అప్పట్నుంచీ ముద్ర కొట్టబోతే చెయ్యి ఆడటం లేదట."

"నువ్వేం చేశావక్కా?"

"రెండు చెంపలూ వాయించాను. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. కదల్లేదు వాడు. తర్వాత స్టేషన్‌కి నేనే తీసుకెళ్ళాను." ఆమె జాకెట్లోంచి మడతపెట్టిన కాయితం తీసింది. "అక్కడ ఇంకొకటి కూడా చెప్పాడు. మీ బావ పోయిన రోజు పొద్దున ఛైర్మన్ కారు కబేళా గేటు దగ్గర ఆగిందట. మీ డబ్బంతా ఆ సంచివాడి దగ్గరే ఉంది, వాడు పారిపోకముందే తేల్చుకోండి అన్నాడట. వాడు సాక్ష్యం చెప్పాడని తెలిశాక మరో నలుగురు వచ్చి మేమూ విన్నామన్నారు. కేసు నిలబడుతుందో లేదో తెలీదని లాయరు అంటున్నాడు. రాశారు మాత్రం."

కాయితం విప్పి, ఆమె వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. ఒకటో ముద్దాయి, తొమ్మిదో నంబరువాడి పేరు. రెండో ముద్దాయి, ఛైర్మన్ పేరు. సంస్థ కాదు, కమిటీ కాదు, తండ్రి పేరుతో, ఇంటి నంబరుతో, వయసుతో సహా అతని పేరు.

పదిహేడు జాలీకి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. కాపలావాడు టైమైపోయిందని లాఠీతో జాలీ మీద కొట్టాడు.

"రెండోది ఇంకోసారి చదువక్కా" అన్నాడు.