పారాచూట్ల కోసం ప్రార్థించిన మా పెద్దత్తగారు

మంగళవారం మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టుకుంటుంటే అమలాపురం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆవిడ మా వారికి పెద్దమ్మ, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆ అన్నం నేను తినలేకపోయాను.

శుక్రవారం సాయంత్రం మా ఆడవాళ్ల ప్రార్థన కూడిక ఆవిడ ఇంట్లోనే జరిగేది. చాపల మీద కూర్చుని ఒక్కొక్కరం ప్రార్థించేవాళ్లం, ఎక్కువగా గల్ఫ్‌లో ఉన్న మావాళ్ల గురించే. కువైట్‌లో ఉన్న మా వారి కోసం నేనూ అందరిలాగే “చల్లగా చూడు ప్రభువా” అని ముగించేసేదాన్ని. పెద్దత్తగారి వంతు వస్తే మాత్రం కూడిక ఆకాశానికెక్కేది. మనుషుల్ని తీసుకెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లే అంతరిక్ష నౌకలంటే ఆవిడకి ప్రాణం.

“ప్రభువా, గంటన్నరకోసారి భూమిని చుట్టొస్తున్న ఆ నలుగురూ రేపు దిగుతున్నారు. నౌక వెనక్కి తిరిగి ఇంజన్లు మండిస్తే వేగం తగ్గాల్సినంతే తగ్గనీ. గాలిలోకి దిగేక అడుగునున్న కవచం మంటకి తట్టుకోనీ. రేడియోలో మాట అందని ఆ కాసేపూ తోడుండు. ముందు రెండు చిన్న పారాచూట్లు, తర్వాత నాలుగు పెద్దవి, చిక్కుపడకుండా విచ్చుకోనీ.”

మేం నోటికి చెంగు అడ్డం పెట్టుకునేవాళ్లం. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

“దేవుడికి ఇన్ని వివరాలెందుకండీ పెద్దత్తగారూ?”

“ఆయనకన్నీ తెలుసమ్మా. తెలియాల్సింది మనకి. ఎవరి కోసం అడుగుతున్నామో వాళ్ల పాట్లేంటో తెలియకుండా అడిగితే ఏం బాగుంటుంది? అది సరే, మావాడు కువైట్‌లో ఏం చేస్తున్నాడు?”

“ఆయ్, కంపెనీలోనండీ.”

“కంపెనీలో ఏం పని?”

నాకు తెలియదు. పెళ్లయి పదకొండేళ్లు. తిన్నారా, ఎండలెలా ఉన్నాయి, ఇవే మా మాటలు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చి ఫోన్ చేసి అడిగితే, “ఇప్పుడెందుకే?” అన్నారాయన. తర్వాత గంటసేపు చెప్పారు. నూనె ట్యాంకుల లోపలికి దిగి శుభ్రం చేసే పనట. దిగేముందు లోపలి గాలిలో విషవాయువుందేమో మీటరుతో చూస్తారట. నడుముకి తాడు, పైన ఆ తాడు పట్టుకుని ఒక మనిషి. “ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు” అన్నారు చివర్లో. ఆ శుక్రవారం నేను ఆ గాలి గురించి, తాడు గురించి, పైనున్న మనిషికి కునుకు పట్టకుండా ఉండటం గురించి ప్రార్థించాను.

ఏం అడిగినా ఆవిడ విసుక్కోకుండా చెప్పేవారు. నౌక పడిపోదేమండీ అంటే, “పడుతూనే ఉందమ్మా. అంత వేగంలో అది పడేలోగా కిందున్న భూమి వంగిపోతోంది” అన్నారు. దిగే రోజున, మోకాళ్ల నొప్పులున్నా, పారాచూట్లు నాలుగూ విచ్చుకునేదాకా ఫోన్ పట్టుకుని నిలబడే ఉండేవారు. “వెళ్లొచ్చిన నౌకని కడిగి, కాలినవి మార్చి, మళ్లీ మనిషిని కూర్చోబెట్టొచ్చో లేదో చూస్తారే, వాళ్లకి దణ్ణం పెట్టాలి” అనేవారు.

నిన్న ఆవిడ లేకుండా మొదటి కూడిక. పైన అంతరిక్షంలో ఇంకా మనుషులున్నారు. వాళ్ల కోసం నేనే ప్రార్థించాను. చిన్న పారాచూట్లు మర్చిపోతే పక్కావిడ అందించింది. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఎదురింటి పిన్నిగారి వంతు. ఆవిడ కొడుకు దోహాలో ఉంటాడు. “మావాణ్ణి చల్లగా...” అని ఆగిపోయారు. లేచి అరుగు మీదకి వెళ్లి ఫోన్ నొక్కిన చప్పుడైంది.

“ఒరేయ్ నాన్నా, అక్కడ నువ్వు చేసే పనేంట్రా? కాదు, మొదట్నించీ చెప్పు.”

ఆవిడ ఊఁ కొడుతూనే ఉన్నారు. లోపల మేమంతా కళ్లు మూసుకునే ఉన్నాం, ఆవిడ విని వచ్చేదాకా.